గండి ఎక్కడ పడిందో అడుగుదాం

జూలై, ఆగస్టు మాసాల్లో గోదావరి డెల్టాలో ఏ ఇంటి ఫోను చూసినా ఒక అంకె కనిపిస్తుంది. అది ధవళేశ్వరం వద్ద నీటిమట్టం. 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు చేరితే రెండవది, 17.75కు చేరితే మూడవది. ఆ అంకె వెంట భద్రాచలం ఫొటో వస్తుంది, ఏటిగట్టు వీడియో వస్తుంది. కువైట్ నుంచో దుబాయి నుంచో మన వీధిలోకి నీళ్లు వచ్చాయా అని ఆత్రుతగా అడిగే వాయిస్ మెసేజ్ వస్తుంది. ఒకప్పుడు రచ్చబండ మీద, పడవల రేవులో, మస్జిదు అరుగు మీద సాగిన సంభాషణ ఇప్పుడు అరచేతిలోకి చేరింది. వరదలు, ఎండలు, టీకాలు, కొత్త యంత్రాలు, కొత్త చట్టాలు, పాత ఆచారాలు, వీటన్నింటి గురించీ మన ప్రజలు నిత్యం మాట్లాడుకుంటున్నది అక్కడే.

ఈ సంభాషణ విషయంలో మేము చెప్పదలచినది ఒక్కటే. గట్టు తెగినప్పుడు మొదట అడగవలసినది గండి ఎక్కడ పడింది, ఎందుకు పడింది అని. ఫోనులోని సంభాషణ తరచుగా ఆ ప్రశ్నను పక్కకు నెట్టి, ఇది ఎవరి పని అని అడుగుతోంది. ప్రశ్న ఇలా మారిన ప్రతిసారీ, ఎవరి మీద వేలు చూపడం సులువో వారే దోషులవుతున్నారు. నేటి భారతదేశంలో ఆ స్థానం ఎక్కువసార్లు ముస్లింలకే దక్కుతోంది. కనుక ప్రకృతి గురించి, శాస్త్రం గురించి జరిగే మాటను దాని అసలు ప్రశ్న మీద నిలబెట్టడం మనకు కేవలం సంస్కారానికి సంబంధించిన విషయం కాదు. అది మన భద్రతకు, మన హక్కులకు సంబంధించిన విషయం.

ఒకే వానకాలం, రెండు వరదలు

2022 జూలై నాటి వరదను డెల్టా ఇంకా మరచిపోలేదు. భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. 1986 తరువాత అక్కడ అంతటి మట్టం నమోదు కాలేదు. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు మించింది. కోనసీమ లంక గ్రామాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. పశువులను గట్ల మీదకు తోలారు. పడవల్లో బియ్యం, మంచినీళ్లు చేర్చారు.

ఆ సమయంలో భద్రాచలం వచ్చిన నాటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు, ఈ వరదల వెనుక విదేశాల కుట్ర ఉండవచ్చునని, క్లౌడ్‌బరస్ట్ పద్ధతితో వానలు కురిపిస్తున్నారన్న ప్రచారం ఉందని వ్యాఖ్యానించారు. గంటలు గడవకముందే రెండు తెలుగు రాష్ట్రాల ఫోన్లలో అదే చర్చ. ఆ కుట్ర ఏ దేశానిది, ఏ విమానంతో చేశారు, ఏ రసాయనం చల్లారు అన్న ఊహలకు అంతులేకపోయింది.

శాస్త్రం చెప్పే సమాధానం చాలా సరళమైనది. గంటకు 10 సెంటీమీటర్లు లేదా అంతకు మించి వాన, సుమారు 20 నుంచి 30 చదరపు కిలోమీటర్ల చిన్న ప్రాంతంలో కురిస్తే దానిని మన వాతావరణ శాఖ క్లౌడ్‌బరస్ట్ అంటుంది. గోదావరి పరీవాహక ప్రాంతం 3 లక్షల 12 వేల చదరపు కిలోమీటర్లకు పైమాట. మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో, తెలంగాణలో రోజుల పాటు ఎడతెరిపి లేకుండా విస్తారంగా వానలు పడితేనే ఈ నదికి అంత నీరు వస్తుంది. నాలుగు గ్రామాల మీద కురిసిన కుండపోత ఒక వాగును పొంగించగలదు, గోదావరిని పొంగించలేదు. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం అదనంగా తేమను పట్టుకోగలదన్నది భౌతికశాస్త్రం ఎప్పుడో తేల్చిన విషయం. భూమి వేడెక్కుతున్న కొద్దీ భారీ వానలు మరింత భారీ కావడానికి ఇదొక ప్రధాన కారణం. ఈ నాలుగు వాక్యాలను అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. అయినా కుట్ర కథకు దొరికిన పాఠకులు వీటికి దొరకలేదు.

అదే వానకాలంలో దేశానికి మరో మూల, అసోంలోని సిల్చార్ పట్టణం బరాక్ నది వరదలో మునిగింది. బేతుకాంది అనే చోట గట్టుకు పడిన గండి గుండా నీరు పట్టణంలోకి చొరబడింది. తమ ప్రాంతంలో నిలిచిపోయిన నీరు బయటకు పోయేందుకు స్థానికులే గట్టును తెగ్గొట్టారన్నది అధికారుల కథనం. ఆ ఆరోపణపై అరెస్టయినవారు ముస్లింలు. ఆ పేర్లు బయటికి వచ్చిన క్షణం నుంచి సోషల్ మీడియాకు గట్టుతో పని లేకుండా పోయింది. దానికి 'ఫ్లడ్ జిహాద్' అని పేరు పెట్టారు. ఆ ఏడాది అసోంలో అనేక చోట్ల గట్లు తెగాయి. వాటి నిర్వహణ ఎలా ఉంది, ముంపు నీరు పోయే దారి ఎవరు మూసివేశారు, ముందే హెచ్చరించినా మరమ్మతు ఎందుకు జరగలేదు అన్న ప్రశ్నలు ఆ ఒక్క మాట కింద మునిగిపోయాయి.

ఈ రెండు ఉదంతాలను పక్కపక్కన పెట్టి చూడాలని మా విన్నపం. భద్రాచలం దగ్గర వేలు చూపింది పేరులేని ఏదో విదేశం వైపు. దానివల్ల ఎవరి ఇంటికీ పోలీసులు రాలేదు. సిల్చార్‌లో వేలు చూపింది రెక్కాడితే గాని డొక్కాడని మనుషుల వైపు. వారు జైలుకు వెళ్లారు. తప్పు ప్రశ్న అడిగే అలవాటు రెండు చోట్లా ఒకటే. దాని ఫలితం మాత్రం అందరికీ ఒకటి కాదు. ఇది అందరి అజ్ఞానమే కదా, మనకేమిటని ఊరుకోలేకపోవడానికి కారణం ఇదే.

కొబ్బరిచెట్టు చెప్పిన కథ

అలాంటి అలవాటు మన డెల్టాలో లేదని అనుకోవడానికి వీలు లేదు. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం మేజర్ డ్రెయిన్ వెంబడి వేల కొబ్బరిచెట్లు మోడువారాయి. సముద్రపు పోటు నీరు డ్రెయిన్ గుండా వెనక్కి తన్ని, తోటల్లో నిలిచి, వేళ్లను చంపుతోందని రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2025 నవంబరు చివర్లో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కేశనపల్లి వచ్చి ఆ తోటలను చూశారు. రైతుల గోడు విన్నారు. అయితే ఆ సందర్భంలో కోనసీమ పచ్చదనానికి తెలంగాణ నాయకుల దిష్టి తగిలిందన్న ధోరణిలో ఆయన నోట వచ్చిన మాట ఒక్కటి మిగిలినదంతా మింగేసింది. ఆ తరువాత వారం పది రోజులు రెండు రాష్ట్రాలవారు ఫోన్లలో తిట్టుకున్నది దిష్టి గురించి, ఆత్మగౌరవం గురించి, క్షమాపణ గురించి. డ్రెయిన్ పూడిక గురించి, పోటు నీటిని ఆపే కట్టడాల గురించి, ఆక్వా చెరువుల నుంచి వదిలే నీటి గురించి మాట్లాడినవారు వేళ్లమీద లెక్కించదగినంత మంది.

డెల్టా సమస్య చిన్నది కాదు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ నేల అన్నపూర్ణ అయింది. కానీ డెల్టాను నిర్మించినది ఆనకట్ట కాదు, నది మోసుకొచ్చిన ఒండ్రు. ఎగువన జలాశయాలు పెరిగిన కొద్దీ ఆ ఒండ్రు వాటిలోనే ఆగిపోతోంది. కొత్త మట్టి రాని డెల్టా కుంగుతుంది, సముద్రం ముందుకు వస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల తీరం కోతను ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా నమోదు చేస్తున్నారు. ఉప్పాడలో ఇళ్లు కడలిలో కలుస్తుంటే మనం కళ్లారా చూస్తున్నాం. భీమవరం చుట్టూ రొయ్యల చెరువులు విస్తరించిన గ్రామాల్లో తాగునీటికి, వరిచేలకు వచ్చిన చేటు తెలియనిది కాదు. కోనసీమ రైతులు 2011 ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించినప్పుడు వారు చెప్పిన కష్టాల్లో మురుగునీరు దిగకపోవడం కూడా ఉంది.

ఈ నీటికి మతం తెలియదు. కౌలు చేసే ముస్లిం రైతు చేను కూడా చౌడు బారుతుంది. మస్జిదు బావి నీరు కూడా ఉప్పనవుతుంది. గట్టు దిగువన ఉన్న నూర్‌బాషా ఇంట్లోకి వరద ముందే వస్తుంది. అయినా ఈ చర్చలో మన గొంతు వినిపించదు. మన గురించి ఇతరులు మాట్లాడే సంభాషణల్లో మనం ఒక అంశం. మన నేల గురించి జరిగే సంభాషణల్లో మనం శ్రోతలం కూడా కాము.

మాట వేగం, న్యాయం వేగం

తప్పు ప్రశ్న ఎంత దూరం తీసుకుపోతుందో 2020 మార్చి మనకు నేర్పింది. కొత్త వైరస్ గురించి శాస్త్రజ్ఞులకే తెలిసినది కొద్ది. ఆ సమయంలో నిజాముద్దీన్ మర్కజ్ వార్త వచ్చింది. వైరస్ ఎలా సోకుతుంది, మూసిన గదిలో గాలి పాత్ర ఏమిటి అన్నవి ఆనాడు ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసిన విషయాలు. వాటి స్థానంలో 'కరోనా జిహాద్' వచ్చి కూర్చుంది. తెలుగునాట కూడా ముస్లిం కూరగాయల బండిని, పండ్ల బండిని దూరం పెట్టమన్న సందేశాలు తిరిగాయి.

2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 29 మంది విదేశీ తబ్లీగీలపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని స్పష్టంగా చెప్పింది. 2021 సెప్టెంబరు 2న సుప్రీంకోర్టులో నాటి ప్రధాన న్యాయమూర్తి, తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ, ఇదే ప్రచారంపై వచ్చిన పిటిషన్లను విచారిస్తూ ఒక వర్గం మీడియా ప్రతిదానికీ మతం రంగు పులుముతోందని ఆవేదన వ్యక్తం చేశారు. ఢిల్లీ హైకోర్టు 70 మంది భారతీయులపై దాఖలైన 16 అభియోగపత్రాలను రద్దు చేసినది 2025 జూలై 17న. సందేశం ఊరూరా తిరగడానికి ఒక సాయంత్రం సరిపోయింది. అది తప్పని న్యాయస్థానం చివరి మాట చెప్పడానికి ఐదేళ్లు పట్టింది. ఆ తీర్పును ఎవరూ వంద గ్రూపులకు పంపలేదు.

గోదావరి జిల్లాల ముస్లింలకు ఇందులో మరొక ప్రమాదం ఉంది. రాయలసీమతోనో, గుంటూరుతోనో పోలిస్తే ఇక్కడ మన జనసంఖ్య బాగా తక్కువ. ఎన్నో గ్రామాల్లో ఒకటి రెండు ముస్లిం ఇళ్లు ఉంటాయి, కొన్నింటిలో అవీ ఉండవు. అక్కడి యువకుడికి ముస్లిం అంటే పక్కింటి బాబాయి కాదు, ఫోనులో రోజూ కనిపించే ఒక బొమ్మ. ఎదురుగా మనిషి ఉంటే ఆ బొమ్మ అబద్ధమని తనకు తానే తెలిసిపోతుంది. మనిషి లేనిచోట బొమ్మే మిగులుతుంది. కనుక డెల్టాలో మన గురించి ఏర్పడే అభిప్రాయంలో ఈ సంభాషణ పాత్ర మనం ఊహించే దానికంటే ఎక్కువ.

ఇక ఆ సంభాషణ అదుపు తప్పితే ప్రభుత్వం చేసే పని ఏమిటో కూడా డెల్టా చూసింది. కొత్త కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చాలన్న నిర్ణయం మీద 2022 మే 24న అమలాపురం భగ్గుమంది. మంత్రి ఇల్లు, శాసనసభ్యుడి ఇల్లు తగలబడ్డాయి. జనాన్ని కూడగట్టడంలో వాట్సాప్ గ్రూపుల పాత్ర దర్యాప్తులో ప్రధానాంశమైంది. జిల్లాలో ఇంటర్నెట్ నిలిపివేశారు. రోజుల తరబడి విద్యార్థులు, చిరువ్యాపారులు, ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు ఇబ్బంది పడ్డారు. సిగ్నల్ కోసం కొందరు గోదావరి ఆవలి ఒడ్డుకు వెళ్లవలసి వచ్చింది. రాజ్యాంగ నిర్మాత పేరు మీద ద్వేషం చిమ్మినవారు కొద్దిమంది, శిక్ష పడింది జిల్లా మొత్తానికి. ఇంటర్నెట్‌ను నిరవధికంగా నిలిపివేయడం చెల్లదని, ఉత్తర్వులను బహిరంగపరచాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో చెప్పింది. ద్వేషానికి మందు మౌనం కాదు, నిషేధం అంతకన్నా కాదు. గల్ఫ్‌లోని తల్లికి బిడ్డ గొంతు వినిపించేది కూడా ఆ తీగే.

సనదు లేని వార్త

ఇంతవరకు ఇతరుల మాట గురించి చెప్పాము. మన గ్రూపుల సంగతి కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. చంద్రుని మీద నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అజాన్ విన్నాడని, తరువాత ఇస్లాం స్వీకరించాడని చెప్పే కథ ఇప్పటికీ మన ఇళ్లలో తిరుగుతూనే ఉంది. అది నిజం కాదని తెలియజేస్తూ 1983 మార్చిలోనే అమెరికా విదేశాంగ శాఖ ముస్లిం దేశాలలోని తన రాయబార కార్యాలయాలకు సందేశం పంపింది. ఆర్మ్‌స్ట్రాంగ్ 2012 వరకు జీవించి ఉన్నాడు, స్వయంగా ఖండించాడు. అయినా కథ ఆగలేదు. ఇది ఎవరికీ హాని చేయని ముచ్చట అనిపించవచ్చు. కానీ ఈ తరహా కథను వెనుకాముందు చూడకుండా నమ్మిన చేయే, టీకా వేయించుకుంటే సంతానం కలగదన్న అబద్ధాన్నీ అదే వేగంతో ముందుకు పంపుతుంది. ధర్మం గొప్పతనానికి అబద్ధపు సాక్షి అవసరం లేదు.

వార్తను విచారించకుండా నమ్మరాదన్న ఆదేశం మనకు కొత్తది కాదు. దివ్యఖుర్ఆన్‌లో అల్ హుజురాత్ అధ్యాయం 6వ ఆయత్ చెప్పేది అదే. తెలియక ఒక సముదాయానికి హాని చేయడం గురించి ఆ ఆయత్ ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. నేడు ఆ హానికి గురవుతున్న సముదాయం మనమే. అటువంటప్పుడు ఆ ఆదేశాన్ని అందరికంటే ముందుగా పాటించవలసినదీ మనమే కదా.

దీనికోసం మన పెద్దలు ఒక శాస్త్రాన్నే నిర్మించారు. హదీసు పండితులు ఒక మాటను స్వీకరించే ముందు దాని సనదును చూశారు. ఎవరు చెప్పారు, వారు ఎవరి నుంచి విన్నారు, ఆ ఇద్దరూ ఒకే కాలంలో జీవించారా, కలుసుకున్నారా, వారి జ్ఞాపకశక్తి ఎటువంటిది, నడవడి ఎటువంటిది అని ఒక్కొక్క కొక్కేన్ని పట్టి పరీక్షించారు. గొలుసులో ఒక్కచోట తెగినా ఆ ఉల్లేఖనం స్థాయి పడిపోయింది. వాట్సాప్‌లో అనేకసార్లు ఫార్వార్డ్ అయిన సందేశానికి రెండు బాణాల గుర్తు ఉంటుంది. ఐదు అంతకంటే ఎక్కువ చేతులు మారి వచ్చిందని దాని అర్థం. మామూలు మనిషి ఆ గుర్తును చూసి ఇంతమంది పంపారంటే నిజమే అయి ఉంటుందని అనుకుంటాడు. సనదు చూసే కన్నుకు అది వేరుగా కనిపించాలి. ఎంతోమంది పంపారు, కాని మొదట చెప్పినవారు ఎవరో ఒక్కరికీ తెలియదు. అంటే ఇది గొలుసు తెగిన వార్త.

కృత్రిమ మేధతో లేని వరదను ఉన్నట్లు, అనని మాటను అన్నట్లు చూపగలిగే ఈ రోజుల్లో ఈ పాత శాస్త్రం విలువ మరింత పెరిగింది. బొమ్మ నిజంగా ఉందా లేదా అని కంటితో తేల్చుకోలేని కాలం వచ్చినప్పుడు, అది ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది. మన మద్రసా విద్యార్థికి ఈ పద్ధతి తెలుసు. దానిని జుమా ప్రసంగంలో, తల్లుల సమావేశంలో, యువకుల గ్రూపులో ఫోనుకు అన్వయించి చెప్పడం మాత్రమే జరగాలి.

కోపం సరే, పని మాటేమిటి?

సాంకేతిక పరిజ్ఞానం గురించి మన సంభాషణ ఎంత పనికివచ్చేదిగా ఉండాలో 2025 చెప్పింది. వక్ఫ్ సవరణ చట్టం అనంతరం జూన్ 6న ఉమీద్ పోర్టల్ ప్రారంభమైంది. వక్ఫ్ ఆస్తుల వివరాలను ఆరు నెలలలోగా అందులో నమోదు చేయాలన్నారు. ఆ చట్టాన్ని వ్యతిరేకించడం, న్యాయస్థానంలో సవాలు చేయడం మన హక్కు. ఆ పోరాటం సాగవలసినదే. అయితే గడువు మాత్రం ఎవరి కోపం కోసమూ ఆగలేదు. డిసెంబరు 1న సుప్రీంకోర్టు అందరికీ వర్తించేలా గడువు పెంచడానికి నిరాకరించి, ట్రిబ్యునళ్లను ఆశ్రయించమంది. ఆ ఆరు నెలలూ నినాదాలతో పాటు, ఏ పత్రం కావాలి, సర్వే నంబరు ఎక్కడ దొరుకుతుంది, పోర్టల్ మొరాయిస్తే ఏం చేయాలి అన్న మాటలు ప్రతి చిన్న ఊరి ముతవల్లికీ తెలుగులో చేరాలి. చేరినచోట పని జరిగింది. చేరనిచోట ఒక మస్జిదు, ఒక ఖబరస్తాన్ భవిష్యత్తు ప్రశ్నార్థకమైంది. శ్మశానం హద్దులు గుర్తించని ఆగ్రహం ఎంత గొప్పదైనా ఆ భూమిని కాపాడలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని మాకు తెలుసు. ఇళ్ల మీదకు బుల్‌డోజర్లు వస్తున్నప్పుడు, పేరు చూసి కొడుతున్నప్పుడు, డ్రెయిన్ల గురించి, వాన లెక్కల గురించి మాట్లాడమంటారా అని. బాధితులనే మర్యాదగా, శాస్త్రీయంగా మాట్లాడమనడం ఏ న్యాయమని. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. అన్యాయాన్ని అన్యాయమని గట్టిగా చెప్పడం ఆపమని మేము అనడం లేదు. ద్వేషాన్ని సహించమనీ అనడం లేదు.

మేము అంటున్నది వేరు. పౌరుడు అంటే తనపై నింద పడినప్పుడు మాత్రమే నోరు తెరిచేవాడు కాదు. రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చిన వాక్‌స్వాతంత్ర్యం ఆత్మరక్షణకు మాత్రమే ఇచ్చినది కాదు. 51-ఎ అధికరణలో ప్రకృతిని పరిరక్షించడం, శాస్త్రీయ దృష్టిని పెంపొందించడం ప్రతి పౌరుడి విధులుగా ఉన్నాయి. ఆ విధులను నెరవేర్చే చోట మనం కనిపించకపోతే, మనల్ని ఈ నేలకు పరాయివారిగా చూపే వారి పని సులువవుతుంది. ధవళేశ్వరం మట్టాన్ని సరిగా చదివి ఊరి గ్రూపులో పెట్టే కుర్రవాడి పేరు రహీమ్ అయితే, వరద జిహాద్ అనే మాట ఆ ఊరిలో నిలబడటం కష్టం.

ఏం చేయవచ్చు?

తొలిగా, ప్రతి మస్జిదు కమిటీ వరద కాలానికి ముందే ఇద్దరు ముగ్గురు యువతీ యువకులను ఈ పనికి నియమించుకోవచ్చు. భద్రాచలం, ధవళేశ్వరం మట్టాలు, వాతావరణ శాఖ హెచ్చరికలు, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ప్రకటనలు, సహాయానికి 1070, 112 నంబర్లు, వీటిని అధికారిక మూలం పేరుతో, తేదీ సమయాలతో తెలుగులో పంపడమే వారి పని. అవి మన గ్రూపులలోనే కాక ఊరి అందరి గ్రూపులలోనూ పెట్టాలి. 1996 నవంబరులో కోనసీమను తుపాను ఊడ్చేసి వెయ్యికి పైగా ప్రాణాలు తీసినప్పుడు చేతిలో ఫోన్లు లేవు. నేడు ఉన్నాయి. ఆ ఫోను ప్రాణం కాపాడాలా, పుకారు మోయాలా అన్నది మన చేతిలో ఉంది.

రెండవది, ద్వేష సందేశం వచ్చినప్పుడు దానిని ఖండించడానికి కూడా ముందుకు పంపవద్దు. తేదీ, గ్రూపు పేరు, పంపినవారి నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ భద్రపరచండి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత 196వ సెక్షన్ మతం పేరిట శత్రుత్వాన్ని పెంచడాన్ని నేరంగా పరిగణిస్తుంది. ద్వేష ప్రసంగాలపై ఫిర్యాదు కోసం వేచి ఉండకుండా కేసులు నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 28న అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక్కరుగా వెళ్లలేకపోతే ఇరుగుపొరుగుతో, దళిత, రైతు, మత్స్యకార సంఘాల మిత్రులతో కలిసి వెళ్లండి.

మూడవది, తెలుగులో మాట్లాడుదాం. ఉర్దూ మన ఇంటి వెలుగు, దానిని కాపాడుకోవాలి. అయితే డ్రెయిన్ గురించి, టీకా గురించి పక్క చేను రైతుతో మాట్లాడవలసిన భాష తెలుగు. పిఠాపురంలో ఉమర్ ఆలీషా తెలుగులో పద్యాలు చెప్పి, నాటకాలు రాసి, కేంద్ర శాసనసభ వరకు వెళ్లారు. రాజమహేంద్రవరం నుంచి కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని' స్థాపించి ఊరంతా వ్యతిరేకించినా వాదం మానలేదు. వాదించి ఒప్పించే సంప్రదాయం ఈ నది ఒడ్డున ఉంది. అందులో మన వాటా మనదే, ఎవరినీ అడుక్కోనక్కరలేదు.

చివరిగా, మన ఇళ్లలోని పిల్లలు ప్రశ్న అడిగినప్పుడు వారిని ఆపవద్దు. వాన ఎందుకు ఇంత కురిసింది, సముద్రం ఎందుకు ముందుకు వస్తోంది, ఈ సందేశం ఎవరు రాశారు అని అడిగే ఆడపిల్ల మన సముదాయానికి గొప్ప రక్షణ. ఆమెకు సమాధానం తెలియకపోతే వెదకడం నేర్పండి. మళ్లీ వానలు వస్తాయి, మళ్లీ గోదావరి ఎర్రబారుతుంది, మళ్లీ ఫోన్లు మోగుతాయి. ఎక్కడో ఒక గట్టు బలహీనంగా ఉంటుంది. అది ఏ ఊరి దగ్గర, మరమ్మతు నిధులు ఏమయ్యాయి, ఇసుక బస్తాలు సిద్ధంగా ఉన్నాయా అని ఇప్పుడే, వరదకు ముందే, నీటిపారుదల అధికారిని అడుగుదాం. సమాధానం ఏమి వచ్చిందో అదే గ్రూపులో అందరికీ తెలియజేద్దాం.